10 సెంట్ల పుస్తకానికి 80 కోట్లు



2025 నవంబరులో అమెరికాలో ఒక పాత బొమ్మల కథల పుస్తకం వేలంలో 91.2 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. మన రూపాయల్లో దాదాపు 80 కోట్లు. అది ‘సూపర్‌మ్యాన్’ మొదటి సంచిక, 1939 నాటిది. ఆనాడు దుకాణంలో దాని వెల 10 సెంట్లు, అంటే డాలరులో పదో వంతు. ఈ వార్త మన యవ్వనస్థుల వాట్సాప్ గ్రూపులో చేతులు మారి మారి మా ఫోనుకు కూడా వచ్చింది. ఆ డబ్బుతో మన మండలంలో ఎన్ని ఎకరాల మాగాణి వస్తుందో లెక్క కట్టినవాళ్లున్నారు. “అయ్యగారూ, ఇది నిజమేనా, లేక ఎవరో కల్పించారా?” అని అడిగినవాళ్లున్నారు. నిజమే. కల్పించినది కాదు.

అంతటితో అయిపోతే ఈ వ్యాసం రాసేవాళ్లం కాదు. పోయిన వారం ఆరాధన ముగిశాక ఒక తల్లి మా దగ్గర ఆగింది. “అయ్యగారూ, మావాడు హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ వేసిన చీటీ పాడేసి, ఆ డబ్బుతో అమెరికా బొమ్మల పుస్తకాలు కొనిపెడతానంటున్నాడు. పదేళ్లలో కోట్లు అవుతాయంట. మీరు ఒక్క మాట చెప్పండి” అంది. ఆ ఒక్క మాట ఏమిటో చెప్పాలంటే ముందు మాకు తెలియాలి గదా. సెమినరీలో మాకు గ్రీకు క్రియలు నేర్పారు గానీ కామిక్స్ ధరలు నేర్పలేదు. అందుకని చదివాం, అడిగాం, తెలిసినవాళ్లతో మాట్లాడాం. ఆ తల్లికి చెప్పవలసిన మాటే మీ అందరికీ రాస్తున్నాం. కొంచెం పొడవుగా ఉంటుంది, ఓపిక పట్టండి.

మొదట ఒక అపోహ తీసేసుకుందాం. వస్తువు పాతదైతే చాలు, ధర పెరుగుతుందని మనమంతా అనుకుంటాం. అలా ఏమీ లేదు. 1800ల్లో అమెరికాలో, ఇంగ్లండులో అచ్చయిన పెద్ద పెద్ద కుటుంబ బైబిళ్లు ఉంటాయి. తోలు అట్టలు, బంగారు అంచులు, నిండా చిత్రాలు. ఇంట్లో పుట్టినవారి పేర్లు, పెళ్లిళ్లు, మరణాలు రాసుకునే పేజీలు మధ్యలో. సూపర్‌మ్యాన్ కంటే ఎంతో పాతవి, ఎంతో అందమైనవి. అయినా వాటిలో చాలావాటికి పాత పుస్తకాల బజారులో గొప్ప ధర పలకదు. ఎందుకంటే అవి లక్షల్లో అచ్చయ్యాయి, ఎవరూ పారేయలేదు. తాతగారి బైబిలును చెత్తబుట్టలో వేయడానికి ఎవరికి చేతులు వస్తాయి? భద్రంగా దాచారు. కాబట్టి అవి ఇప్పటికీ కావలసినన్ని ఉన్నాయి.

బొమ్మల పుస్తకాల సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. వాటిని దాచాలని ఎవరికీ తోచలేదు. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగతా కథ సగం అర్థమైనట్టే.

1938కి వెళ్దాం. ఓహాయో రాష్ట్రంలో క్లీవ్‌లాండ్ అనే నగరం. అక్కడ జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు యువకులు. ఇద్దరూ యూరప్ నుండి వలస వచ్చిన యూదు కుటుంబాల పిల్లలు, ఒకే హైస్కూల్లో చదివారు. జెర్రీ కథ రాసేవాడు, జో బొమ్మ గీసేవాడు. జెర్రీ తండ్రికి బట్టల కొట్టు ఉండేది. 1932లో దొంగలు కొట్టులో పడిన రాత్రి ఆయన అక్కడే కుప్పకూలి చనిపోయాడు. ఏ ఆయుధమూ తగలని, బలహీనుల పక్షాన నిలబడే ఒక మనిషిని ఆ కుర్రవాడు ఊహించుకోవడానికి అదే కారణమని కొందరంటారు. ఆయన అలా ఎన్నడూ చెప్పలేదు గనుక మేము కూడా గట్టిగా అనం. ఎన్నో పత్రికల వాళ్లు తిరగ్గొట్టాక ఆ కథ ‘యాక్షన్ కామిక్స్’ అనే కొత్త పత్రిక మొదటి సంచికలో అచ్చయింది. అట్ట మీద ఎర్రటి వస్త్రం భుజాన కట్టుకున్న ఒక మనిషి పచ్చ రంగు కారును తలకు మించి ఎత్తి రాయికేసి కొడుతుంటాడు. కింద ఒకడు తల పట్టుకుని పారిపోతుంటాడు. అట్ట మీద జూన్ 1938 అని ఉంటుంది గానీ దుకాణాల్లోకి ఏప్రిల్‌లోనే వచ్చింది. కొత్త సరుకుగా ఎక్కువ రోజులు కనబడాలని ముందు నెల తేదీ వేయడం ఆనాటి పత్రికల అలవాటు.

దాదాపు రెండు లక్షల ప్రతులు వేశారు. ఇప్పుడు మిగిలినవి సుమారు 100 అని ఈ వ్యాపారం తెలిసినవారి అంచనా. మిగతా లక్షా తొంభైతొమ్మిది వేల పైచిలుకు ఏమయ్యాయి?

పిల్లలు చదివేశారు. అదీ మొదటి జవాబు. చదివి, మడిచి జేబులో పెట్టుకుని, పక్కింటి పిల్లవాడితో మార్చుకుని, అట్ట ఊడిపోయేదాకా చదివారు. మన ఇళ్లలో పాత చందమామలు ఏమయ్యాయో గుర్తు చేసుకోండి. చదవడం అయ్యాక చెల్లెలికి, అక్కడి నుండి పక్కవీధికి, చివరికి కిరాణా కొట్టులో పొట్లాలకు. బొమ్మ బాగుందని ఏ అమ్మయినా చింపి ఉప్పు డబ్బాలో అడుగున వేసిందేమో గానీ, ప్లాస్టిక్ సంచిలో పెట్టి దాచినవాళ్లు మనకు తెలిసి లేరు. అక్కడా అంతే. అబ్బాయి సైన్యంలోకి వెళ్లాడు, తల్లి గది శుభ్రం చేసింది. అమెరికాలో ఈ పుస్తకాల గురించి ఏ ముసలాయన నోరు తెరిచినా మొదట వచ్చే మాట అదే: మా అమ్మ పారేసింది.

తరువాత యుద్ధం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కాగితానికి కరువు వచ్చి, దేశమంతా పాత కాగితం పోగుచేసే ఉద్యమం నడిచింది. తోపుడు బండ్లు తోసుకుంటూ పిల్లలే ఇంటింటికీ తిరిగారు. కాగితం ఇవ్వడం దేశభక్తి అని బొమ్మల పుస్తకాల్లోనే విజ్ఞప్తులు అచ్చయ్యేవి. తమ వీరుడే చెబుతున్నాడని పిల్లలు ఆ వీరుడి పుస్తకాలనే కట్టలు కట్టి ఇచ్చేశారు.

ఆ తరువాతది సంఘ పెద్దలైన మనం నెమ్మదిగా చదవవలసిన భాగం. 1940ల చివర్లో ఈ పుస్తకాలు పిల్లలను చెడగొడుతున్నాయనే భయం అమెరికా అంతా పాకింది. భయానికి ఆధారం అసలే లేదని అనలేం. హత్యలు, రక్తం నిండిన నేరాల కథలు అప్పట్లో చాలా అచ్చయ్యేవి, అవి చిన్నపిల్లల చేతుల్లోకి వచ్చేవి. కానీ తీర్పు అన్నిటికీ కలిపి ఒక్కటే పడింది. 1948లో వెస్ట్ వర్జీనియాలోని స్పెన్సర్ అనే చిన్న ఊరిలో బడి పిల్లలు దాదాపు 2,000 పుస్తకాలు పోగుచేసి మంట పెట్టారు. అదే ఏడాది న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్‌టన్‌లో ఒక క్యాథలిక్ బడి ఆవరణలో కూడా అదే జరిగింది. ఆ మంట చుట్టూ పిల్లలు నిలబడి చూస్తున్న ఫోటోలు పత్రికల్లో వచ్చాయి. బడులు, సంఘాలు, తల్లిదండ్రుల సమితులు మరికొన్ని ఊళ్లలో అదే బాట పట్టాయి. హిట్లర్ జర్మనీలో పుస్తకాలు తగలబడి అప్పటికి పదిహేనేళ్లే.

1954లో ఫ్రెడ్రిక్ వెర్తమ్ అనే మనోవైద్యుడు ‘సెడక్షన్ ఆఫ్ ది ఇన్నోసెంట్’ అనే పుస్తకం రాశాడు. బాల నేరస్తులను తాను పరీక్షించాననీ, వాళ్ల పతనంలో ఈ బొమ్మల కథలకు పెద్ద వాటా ఉందనీ చెప్పాడు. అదే ఏప్రిల్‌లో సెనేట్ ఉపసంఘం న్యూయార్కులో విచారణ జరిపింది. ఏడాది తిరగకముందే ప్రచురణకర్తలు తమకు తామే ఒక నియమావళి పెట్టుకున్నారు, చాలా పత్రికలు మూతపడ్డాయి. అరవై ఏళ్లు కావస్తుండగా, 2012లో కారల్ టిల్లీ అనే గ్రంథాలయ శాస్త్ర పరిశోధకురాలు, వెర్తమ్ వదిలి వెళ్లిన కాగితాలను చదివి ఒక సంగతి బయటపెట్టింది. పిల్లలు చెప్పిన మాటలను ఆయన తనకు కావలసినట్టు మార్చాడు, కొన్ని కలిపాడు, కొన్ని దాచాడు. మంచి ఉద్దేశంతోనే చేసి ఉంటాడు. పేదల కోసం హార్లెంలో వైద్యశాల నడిపిన మనిషి ఆయన. కానీ అబద్ధ సాక్ష్యం మంచి ఉద్దేశంతో చెప్పినా అబద్ధ సాక్ష్యమే.

ఎఫెసు పట్టణంలో జరిగిన సంగతి ఇక్కడ కొందరు గుర్తు చేస్తారని మాకు తెలుసు. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో మాంత్రిక విద్య నడిపినవారు తమ పుస్తకాలు తెచ్చి అందరి ముందు కాల్చేశారు. వాటి వెల లెక్క కడితే 50,000 వెండి రూకలైందని లూకా జాగ్రత్తగా రాశాడు. మేము ఈ రెండు మంటలను ఒకటిగా చూడం. ఎఫెసువారు కాల్చినవి ఎవరి పుస్తకాలు వారివే. వాటిలో ఏముందో వారికి పూర్తిగా తెలుసు. ఎంత పోగొట్టుకుంటున్నారో కూడా తెలుసు, ఆ తెలియడమే అక్కడ అర్పణ. 1948లో పెద్దలు కాల్పించినవి పిల్లలవి. చాలామంది పెద్దలు వాటిలో ఒక్కటి కూడా తెరిచి చూడలేదు. ఆ రోజు ఆ మంటలో పడినదాని వెల ఎవరైనా లెక్క కడితే నూట యాభై, రెండు వందల డాలర్లు అయ్యేదేమో. ఒక్కటైనా మిగలాలని ఎవరూ కోరుకోలేదు. అందుకే మిగిలిన కొన్నిటికీ ఇవాళ అంత ధర.

కాలకుండా, పొట్లం కాకుండా తప్పించుకున్న వాటికి మరో శత్రువు ఉంది, అది కాగితమే. అప్పటి బొమ్మల పుస్తకాలు చవకరకం చెక్కగుజ్జు కాగితం మీద అచ్చయ్యేవి. ఆ గుజ్జులో ఆమ్లం ఉంటుంది. వెలుగు తగిలితే పసుపు, వేడి తగిలితే గోధుమ రంగు, చివరికి అప్పడంలా విరిగిపోతుంది. చెమ్మ తగిలితే బూజు పడుతుంది, మధ్యలో కొట్టిన స్టాపిల్ పిన్నులు తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తాయి. అంటే 90 ఏళ్ల పాటు చల్లగా, పొడిగా, చీకటిగా ఉన్నచోట, ఎవరూ కదపకుండా ఉంటేనే అది తెల్లగా మిగులుతుంది. అలాంటి చోటు దొరకడం ఎవరి గొప్పతనమూ కాదు.

డెన్వర్ నగరంలో ఎడ్గర్ చర్చ్ అనే చిత్రకారుడుండేవాడు. పేరు చర్చ్ అయినా మనకేమీ చుట్టం కాదు. టెలిఫోన్ డైరెక్టరీల్లో ప్రకటనలకు బొమ్మలు గీయడం ఆయన పని. బొమ్మల కోసమని 1930ల చివరి నుండి పదిహేనేళ్లకు పైగా దాదాపు వచ్చిన ప్రతి కామిక్ పుస్తకమూ కొని, ఇంట్లో ఒకదాని మీద ఒకటి దొంతరలుగా పేర్చి ఉంచాడు. చాలావాటిని ఒక్కసారి కంటే తెరిచినట్టు కూడా కనబడదు. ఆ ఊరు సముద్ర మట్టానికి మైలు ఎత్తున ఉంటుంది, గాలి పొడిగా ఉంటుంది. దొంతరలు బిగుతుగా ఉండడం వల్ల లోపలికి వెలుగూ గాలీ పోలేదు. 1977లో, ఆయన ముసలితనంలో కుటుంబం ఇల్లు ఖాళీ చేస్తుంటే, చక్ రోజాన్‌స్కీ అనే యువ వ్యాపారి వెళ్లి చూశాడు. 18 వేలకు పైగా పుస్తకాలు, నిన్న కొన్నట్టున్నాయి. కొన్ని రోజులు ఆలస్యమైతే అవి కూడా చెత్తబండి ఎక్కేవే. ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచికల్లో అన్నిటికంటే బాగున్న ప్రతి ఆ ఇంట్లో దొరికినదేనని ఇప్పటికీ చెప్పుకుంటారు.

మొదట చెప్పిన 80 కోట్ల పుస్తకం కథ ఇంకోలా ఉంటుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక తల్లి. ఆమె, ఆమె అన్నదమ్ముడు చిన్నతనంలో, దేశమంతా డబ్బుకు కటకటలాడుతున్న ఆ రోజుల్లో, తలా కాస్త వేసుకుని కొన్న పుస్తకాలవి. “నా దగ్గర విలువైన బొమ్మల పుస్తకాలున్నాయి” అని కొడుకులకు చెబుతుండేది గానీ ఎన్నడూ చూపించలేదట. ఆమె పోయాక, 2024లో ముగ్గురు కొడుకులు ఇల్లు సర్దుతుంటే, అటక మీద పాత వార్తాపత్రికల కట్టల కింద ఒక అట్టపెట్టెలో దొరికాయి. ఆ ఊరి చల్లదనం వాటిని కాపాడింది. అదే అట్టపెట్టె మన కోస్తాలో ఉంటే మూడు వర్షాకాలాలకే చెదలు అందులో సంఘం పెట్టుకునేవి.

మరి తెల్లగా మిగిలిన పాత పుస్తకాలన్నిటికీ కోట్లు వస్తాయా? రావు. 1938, 39ల్లో ఎలుకలు, బాతులు, కౌబాయిలు ఉన్న పుస్తకాలు కూడా బోలెడు వచ్చాయి. అవీ అరుదుగానే మిగిలాయి. వాటిని అడిగేవారు తక్కువ. అడిగేది, ఒక వీరుడు మొట్టమొదట కనబడిన సంచికను. సూపర్‌మ్యాన్‌కు ‘యాక్షన్ కామిక్స్’ 1. బ్యాట్‌మ్యాన్‌కు 1939 మే నాటి ‘డిటెక్టివ్ కామిక్స్’ 27. స్పైడర్‌మ్యాన్‌కు 1962 ఆగస్టు నాటి ‘అమేజింగ్ ఫాంటసీ’ 15. ఈ చివరిది మాకు చాలా నచ్చిన కథ. ఆ పత్రిక అమ్ముడుపోక మూసేస్తున్నారు, 15 ఆఖరి సంచిక. పోయేదే గదా, ఒక ప్రయోగం చేద్దామని సాలీడు బట్టలు వేసుకున్న ఒక అనాథ కుర్రవాడి కథ వేశారు. వెల 12 సెంట్లు. అందులో బాగా మిగిలిన ఒక ప్రతి 2021లో 36 లక్షల డాలర్లు పలికింది.

ఇక్కడ గమనించవలసింది, ఆ మొదటి కథలేవీ ఆ వీరుల కథల్లో గొప్పవి కావు. గొప్ప కథలు తరువాత వచ్చాయి, వేరే రచయితలు రాశారు. సినిమాలు వచ్చాయి, చొక్కాల మీద గుర్తులు వచ్చాయి, మన ఊరి తిరునాళ్లలో ఆ ముఖమున్న బెలూన్లు కూడా వచ్చాయి. ఆ తరువాతి 80 ఏళ్ల కీర్తి అంతా వెనక్కి తిరిగి ఆ మొదటి సంచిక మీద పేరుకుంది. 1938లో ఆ సంచికను చూసి దీని వెల ఇంత అవుతుందని చెప్పగలిగినవాడు ఒక్కడూ లేడు. ముందే చెప్పగలమనే వాళ్లను ఇప్పుడు కూడా నమ్మకండి.

డబ్బు పెట్టేవాళ్లు ఎవరు అన్నది ఇంకో ప్రశ్న. మొదట్లో వీళ్లు చిన్నప్పుడు చదివి పోగొట్టుకున్నవాళ్లే. 1960ల్లో పెద్దవాళ్లై ఉత్తరాల ద్వారా ఒకరినొకరు వెదుక్కుని పాత సంచికలు మార్చుకునేవారు. 1970లో ఓవర్‌స్ట్రీట్ అనే ఆయన ధరల పుస్తకం వేశాడు. అప్పటిదాకా ఇష్టంగా ఉన్నదానికి ఒక రేటు వచ్చింది. 2000లో సీజీసీ అనే సంస్థ మొదలైంది. వాళ్లకు పుస్తకం పంపితే పేజీలు లెక్కపెట్టి, మరకలు, మడతలు, చిరుగులు చూసి, పదికి ఇంత అని మార్కు వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో మూసి పంపుతారు. దానితో, పుస్తకాలంటే ఏమీ తెలియని డబ్బున్నవాడు కూడా స్థలం రిజిస్ట్రేషన్ కాగితం చూసినట్టు ఆ అంకె చూసి కొనడం మొదలుపెట్టాడు. 2010 ఫిబ్రవరిలో ‘యాక్షన్ కామిక్స్’ 1 మొదటిసారి పది లక్షల డాలర్లు దాటింది. మూడు రోజుల్లో బ్యాట్‌మ్యాన్ పుస్తకం దాన్నీ దాటింది. 2014లో 32 లక్షలు. 2024 ఏప్రిల్‌లో 60 లక్షలు.

మార్కులో ఒకటి రెండు పాయింట్ల తేడా వస్తే ధర సగానికి సగం మారిపోతుంది. పైన చెప్పిన స్పైడర్‌మ్యాన్ పుస్తకానికి 9.6 మార్కు ఉంది. అదే సంచిక చిరిగి, మరకలు పడి ఉంటే అందులో వందో వంతు కూడా రాదు. చిరుగు అతికించినా, వెలిసిన రంగు మీద కొత్త రంగు వేసినా ధర పడిపోతుంది, పెట్టె మీద చీటీ రంగు కూడా మార్చి అతికిస్తారు. హాలీవుడ్ నటుడు నికోలస్ కేజ్ ఇంట్లో 2000లో దొంగతనానికి గురైన ప్రతి ఒకటుంది. 2011లో కాలిఫోర్నియాలో ఒక అద్దె గోదాములో దొరికింది. దొంగ చేతిలో పదకొండేళ్లు ఉన్నా అది చెడిపోలేదు. ఆ ఏడాదే 21.6 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది.

ఆ ప్లాస్టిక్ పెట్టె గురించి మాకు ఒక బాధ ఉంది, చెప్పేస్తాం. పెట్టె పగలగొడితే మార్కు పోతుంది. అంటే 80 కోట్లు ఇచ్చి కొన్నవాడు ఆ పుస్తకం చదవడు. 10 సెంట్లు ఇచ్చి కొన్న పిల్లవాడు మెట్ల మీద కూర్చుని నాలుగుసార్లు చదివాడు.

ఇప్పుడు ఆ తల్లి అడిగిన ప్రశ్న. 1980ల చివర్లో పాత పుస్తకాల ధరలు పత్రికల్లోకి ఎక్కాక, అమెరికాలో జనం సరిగ్గా ఆమె కొడుకులాగే ఆలోచించారు. పాతవి కొనలేం, కొత్తవి కొని దాచుదాం అనుకున్నారు. 1991లో వచ్చిన ‘ఎక్స్-మెన్’ మొదటి సంచిక 80 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయింది. ఒక్కొక్కరు ఐదేసి, పదేసి కొన్నారు. 1992 నవంబరులో సూపర్‌మ్యాన్ చనిపోయే సంచిక వస్తే దుకాణాల ముందు వరుసలు కట్టారు. నల్ల సంచిలో, చేతికి కట్టుకునే నల్ల పట్టీతో సహా అమ్మారు. లక్షల మంది ఆ సంచి విప్పకుండానే బీరువాలో పెట్టారు. కొడుకు చదువుకు పనికొస్తాయని కొన్న తండ్రులున్నారు. ఏమైంది? అందరూ దాచారు, అందరూ జాగ్రత్తగా దాచారు, కాబట్టి ఇప్పుడు అందరి దగ్గరా ఉన్నాయి. ఆ ‘ఎక్స్-మెన్’ సంచిక ఇవాళ కూడా కొన్ని డాలర్లకు దొరుకుతుంది. కొన్నేళ్లలో వేల దుకాణాలు మూతపడ్డాయి. 1996 డిసెంబరులో మార్వెల్ కంపెనీయే దివాలా పిటిషన్ వేసింది. కుటుంబ బైబిళ్ల సంగతి చెప్పాం గదా, అదే లెక్క.

కాబట్టి అమ్మా, మీ అబ్బాయికి ఇలా చెప్పండి. కోట్లు పలికేది ఎవరూ దాచనిది. దాచమని ఎవరైనా నీకు అమ్ముతున్నారంటే, నీలాంటివాళ్లు లక్షమందికి అమ్ముతున్నారు. నిజంగా అరుదైనవాటిలో మంచి ప్రతి మొదటి పేజీ అంచు కొనడానికి కూడా నీ చీటీ చాలదు. చీటీ పాడే ముందు ఆ డబ్బు ఎందుకు వేశావో గుర్తు చేసుకో. చెల్లెలి పెళ్లి బాకీ ఇంకా ఉందని మీరే మాకు చెప్పారు. బొమ్మల కథలంటే ఇష్టమైతే రెండు మూడు వందలకు కొత్త అచ్చులు దొరుకుతాయి, కొనుక్కుని చదువుకోమనండి. అందులో పాపం ఏమీ లేదు. మంట పెట్టే పెద్దల వరుసలో మమ్మల్ని మాత్రం నిలబెట్టకండి.

ఇంకొక్క లెక్క మిగిలింది. అంత డబ్బులో ఆ ఇద్దరు కుర్రవాళ్లకు ఎంత ముట్టింది?

మొదటి సూపర్‌మ్యాన్ కథ 13 పేజీలు. పేజీకి 10 డాలర్లు, మొత్తం 130 డాలర్లు. ఆ సొమ్ముకు ఆ పాత్ర మీద హక్కులన్నీ కంపెనీకి రాసిచ్చేశారు. కొన్నేళ్లు కంపెనీకి పనిచేస్తూ బాగానే సంపాదించారు గానీ, పాత్ర కోట్లు తెస్తోందని చూసి 1947లో కోర్టుకెక్కారు. కొంత సొమ్ము వచ్చింది, హక్కు రాలేదు, కథల మీద వాళ్ల పేర్లు కూడా తీసేశారు. 1970ల మధ్యకు జో షుస్టర్ చూపు దాదాపు పోయి, న్యూయార్కులో తమ్ముడి ఇంట్లో తలదాచుకుంటున్నాడు. జెర్రీ సీగెల్ లాస్ ఏంజిలెస్‌లో ఒక ఆఫీసులో గుమాస్తాగా టైపు కొడుతున్నాడు. సూపర్‌మ్యాన్ సినిమా తీయబోతున్నారని తెలిసి, ఆయన కడుపు మండి పత్రికలకు ఒక పెద్ద ఉత్తరం రాశాడు. తోటి చిత్రకారులు వెంట నిలబడ్డారు, పత్రికలు రాశాయి, కంపెనీ సిగ్గుపడింది. 1975 డిసెంబరులో ఇద్దరికీ ఏడాదికి 20,000 డాలర్ల చొప్పున ఇవ్వడానికి, పేర్లు తిరిగి వేయడానికి ఒప్పుకుంది. జో 1992లో, జెర్రీ 1996లో నిద్రించారు.

1938 మార్చిలో కంపెనీ వాళ్లకిచ్చిన చెక్కు ఇప్పటికీ ఉంది. వేరే పనుల సొమ్ము కూడా కలిపి 412 డాలర్లకు రాశారు, అందులో సూపర్‌మ్యాన్ పద్దు 130. చెక్కు మీద ఇద్దరి పేర్లూ తప్పుగా రాశారు. బ్యాంకులో చెల్లాలి గనుక ఇద్దరూ వెనకవైపు రెండేసి సంతకాలు పెట్టవలసి వచ్చింది, చెక్కు మీద రాసినట్టు ఒకసారి, తమ అసలు పేరుతో ఒకసారి. 2012 ఏప్రిల్‌లో ఆ కాగితాన్ని వేలం వేశారు. 1,60,000 డాలర్లు పలికింది.